రెండు కోవెలలు, ఒకే పంచాంగం

మెక్సికో సిటీ నడిబొడ్డున, పెద్ద చర్చి పక్కనే టెంప్లో మయోర్ శిథిలాలున్నాయి. అజ్టెక్‌ల రాజధాని తెనోచ్తిత్లాన్‌లో ఇదే ప్రధానాలయం. 1521లో స్పానిష్ సేనలు నగరాన్ని పట్టుకున్నాక నేలమట్టమైన ఈ గుడి, 1978లో కరెంటు పనివాళ్ల తవ్వకంలో ఒక శిల బయటపడ్డాక మళ్లీ వెలుగు చూసింది.

శిథిలాల మధ్య నడుస్తూ పక్కపక్కనే ఉన్న రెండు కోవెలల ముందు ఆగాను. ఉత్తరాన వానదేవుడు త్లాలోక్, దక్షిణాన యుద్ధదేవుడు హుయిత్సిలోపోచ్ట్లి. త్లాలోక్ వాకిట వెల్లకిలా ఒరిగిన చక్‌మోల్ విగ్రహం మీద రంగులు ఇంకా మిగిలే ఉన్నాయి. పక్క వాకిట్లో బలిరాయి. వానాకాలం మొక్కజొన్న సాగు, వానలు వెనకబట్టాక యుద్ధం: అజ్టెక్‌ల ఏడాదంతా ఈ రెండు గడపల మధ్యే నడిచింది.

వాళ్ల ఏడాదికి 20 రోజుల నెలలు 18, చివర 5 అశుభదినాలు. ప్రతి నెలకూ ఒక పండుగ, దానికో దేవత. పాన్‌కెత్సలిస్త్లి నెల హుయిత్సిలోపోచ్ట్లిది. పుడుతూనే అతడు అక్క కొయొల్షౌకిని నరికి కొండ మీంచి తోసేశాడని కథ. 1978లో దొరికింది ఆమె శిలే. మూడు మీటర్లకు పైగా వెడల్పున్న ఆ గుండ్రటి రాతిలో తల, చేతులు, కాళ్లు విడివిడిగా పడి ఉన్నాయి. చెంప మీద గంటలు, నడుముకు పాముల పట్టీ. అది దొరికింది హుయిత్సిలోపోచ్ట్లి మెట్ల కిందనే. అంటే కథలోని కొండను గుడిగా కట్టి, పండుగనాడు ఆ కథనే మళ్లీ నడిపించారన్నమాట.

త్లాలోక్ వైపు మాత్రం మనసు కలుక్కుమంటుంది. అక్కడ 42 మంది పిల్లల అవశేషాలు దొరికాయి. వాన కోసం ఇచ్చిన బలులవి. ఆ క్రౌర్యాన్ని సమర్థించలేం. కానీ దాని వెనకున్న కరువు భయాన్ని చూడకుండా ఆ దేవుణ్ణి అర్థం చేసుకోలేం.

20 రోజుల నెలల ఆ ఏడాది లెక్కకు తోడు 260 రోజుల లెక్క ఒకటుంది: 20 గుర్తులు, 13 అంకెలు. పుట్టిన బిడ్డ జాతకం చెప్పింది ఇదే. మన ప్రభవాది సంవత్సరాలు 60 ఏళ్లకు మొదటికొచ్చినట్టు, ఈ రెండు లెక్కలూ 52 ఏళ్లకోసారి కలిసేవి. ఆ రాత్రి ఊరంతా నిప్పులార్పి, కృత్తికలు నడినెత్తిన దాటాక కొండ మీద కొత్త నిప్పు రాజేసేవారు. చివరిసారి అది జరిగింది 1507లో.

అజ్టెక్ దేవతలను రూపాలను బట్టి కాదు, వాళ్ల వంతు వచ్చే నెలను బట్టి చూడాలి. మెక్సికో సిటీ వెళ్లేవారు మానవశాస్త్ర మ్యూజియంలోని సూర్యశిలతో సరిపెట్టుకోకుండా ఇక్కడికీ రండి. సోమవారం సెలవు.