గట్టి పానం (బాలింత ముచ్చట్లు – 4)

పోయిన భాగంలో కాన్పు దాకా చెప్పి ఆపాను. ఇవాళ పాల ముచ్చట.

నా కొడుకు ఎడమ రొమ్ము బాగానే తాగేవాడు. కుడి వైపుకు మార్చి పడుకోబెడితే మాత్రం వీపు విల్లులా వంచి గుక్కపట్టి ఏడ్చేవాడు. ఒకవేళ పట్టినా చనుమొన కొస మాత్రమే పట్టి, నాలుగుసార్లు చప్పరించి వదిలేసేవాడు. వారం తిరిగేసరికి ఆ మొన పగిలి రక్తం కారింది. పాలు దిగక రొమ్ము రాయిలా అయింది. రెండోవారం చివర చలిజ్వరం వచ్చింది. పిల్లాడేమో పుట్టినప్పటి బరువుకు కూడా చేరలేదు.

కాన్పయిన ప్రైవేటు ఆసుపత్రికే మళ్ళీ పోయాం. బరువు తూచిన సిస్టర్ మా అమ్మ మాట తీరు, చీరకట్టు చూసి "మీరేమోళ్ళమ్మా?" అని అడిగింది. అమ్మ చెప్పింది. మా అమ్మ ఎక్కడా దాచదు.

"మరి మీ ఆడోళ్ళవి గట్టి పానాలు గదా! మీకు పాలకేం తక్కువ? ఈమెకు చదువెక్కువై ఓపిక లేదు గానీ" అంది నవ్వుతూ.

తిట్టలేదు, ముట్టొద్దనలేదు. మెచ్చుకున్నాననే అనుకుంది. డాక్టరుగారు నాకు జ్వరం మాత్రలు, పాలు పడే పొడి, వాడికి డబ్బా పాలు రాసిచ్చారు. పిల్లాడి మెడ మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఆ "గట్టి పానం" మాట నాకు కొత్త కాదు. మా అమ్మ నన్ను కని నెల తిరక్కముందే కలుపుకు పోయింది. వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి నన్ను అందులో వేసింది. గట్టు మీద నిలబడ్డ ఆసామి "వీళ్ళవి గట్టి పానాలు" అన్నాడట. అప్పుడు ఇంట్లో గింజలు లేవు, అందుకే పోయింది. మన ఆడవాళ్ళ ఒంటికి నొప్పి తెలియదని నమ్మితే ఎదుటివాళ్ళకు చాలా పని తప్పుతుంది. కూలి పెంచక్కర్లేదు. ఆసుపత్రిలో అయితే దగ్గరికొచ్చి చూడక్కర్లేదు.

నన్ను కూడా వదలను. దళిత స్త్రీల కథల్లో తల్లుల మీద ఒక అధ్యాయం రాసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. ఆ మాట విని ఇంటికొచ్చి, నా పాలే మంచివి కావేమోనని మూడు రాత్రులు ఏడ్చాను. నేనూ వాడి మెడ చూడలేదు.

చూసింది అమ్మ. ఇరవయ్యో రోజు కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తుంటే, ఎడమ చెవి కింద మెడలో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. తల ఎడమ భుజం మీదికి ఒరిగి ఉంది, గదవ కుడి దిక్కుకు తిరిగి ఉంది. ఏ పక్క పడుకోబెట్టినా అంతే.

"పోరడు పాలొద్దంటలేడు బిడ్డా, మెడ తిరుగుతలేదు" అంది.

పక్కింటి పెద్దమ్మ నూనె రాసి మెడ గుంజుతానంది. అమ్మ ఒప్పుకోలేదు. మరునాడు సర్కారు దవాఖానకు పోయాం.

అక్కడి పిల్లల డాక్టరు స్కానింగ్ చేయించి చెప్పారు. దాన్ని టార్టికోలిస్ అంటారట. చెవి వెనక ఎముక నుంచి కాలర్ ఎముక దాకా మెడకు రెండు పక్కలా ఒక్కో కండ ఉంటుంది. కడుపులో ఇరుగ్గా పడుకున్నా, కాన్పు కష్టమైనా ఒక పక్క కండ బిగుసుకుపోవచ్చు. ఆ గడ్డ కండలో వచ్చిన వాపే, క్యాన్సర్ కాదు, కొన్ని నెలల్లో కరిగిపోతుంది. ఇలాంటి పిల్లల్లో కొందరికి తుంటి కీలు కూడా సరిగా ఉండదు కాబట్టి అదీ చూశారు. మావాడికి బాగానే ఉంది.

పాల చిక్కు అప్పుడు అర్థమైంది. ఒళ్ళో అడ్డంగా పడుకున్న పిల్లాడు ఎడమ రొమ్ముకు కుడి దిక్కు తిరగాలి, కుడి రొమ్ముకు ఎడమ దిక్కు తిరగాలి. వాడు ఎడమకు తిరగలేడు. మెడ ఒరిగితే దవడ కూడా వంకరగా పడుతుంది, నోరు నిండా పట్టలేడు. వాడు సరిగా లాగలేక పాలు నిలిచిపోయి నాకు జ్వరం వచ్చింది.

ఫిజియోథెరపిస్టు చూపించిన ఉపాయం చిన్నదే. ఎడమ పక్క తాగిన పిల్లాణ్ణి తిప్పకుండా అలాగే కుడి రొమ్ము దగ్గరికి జరిపి, కాళ్ళు నా కుడి చంక కిందుగా వెనక్కి పోయేటట్టు పట్టుకోవాలి. వాడి మొహం పాత దిక్కుకే ఉంటుంది, రొమ్ము మారుతుంది. చూసిన అమ్మ "బిందె సంకల పెట్టుకున్నట్టే గదా" అంది. ఆ పూటే వాడు కుడి పక్క తాగాడు. మొన మానేదాకా మిగిలిన పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టాం.

తర్వాత మెడ పని. వాళ్ళు నేర్పినట్టు మెల్లగా సాగదీయడం, మెలకువగా ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని బోర్లా పడుకోబెట్టడం, ఎడమ పక్క నుంచి గిలక ఆడించి పిలవడం. రోజుకు చాలాసార్లు, నెలల తరబడి. తొందరగా మొదలుపెడితే ఎక్కువమందికి ఆపరేషన్ అవసరం పడదు. మావాడికి ఐదో నెలకు మెడ రెండు పక్కలా తిరిగింది.

ఇది చేయగలిగానంటే నాకు సెలవుంది. 1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్ మాట్లాడారు. మరుసటి ఏడు అది చట్టమైంది. 2017 సవరణతో సెలవు 12 నుంచి 26 వారాలకు పెరిగింది. పత్తి ఏరే మా వాడ అక్కకు ఆ 26 వారాల్లో ఒక్క రోజూ లేదు. ఆమె బిడ్డ మెడ బిగుసుకుంటే రోజంతా తిప్పేదెవరు?

అక్కలారా, చెల్లెళ్ళారా, బిడ్డ ఒకే పక్క తాగుతుంటే, ఒకే దిక్కు చూస్తుంటే, మీ పాలను తిట్టుకోకండి. మెడ తడిమి చూడండి. ఎవర్నీ గుంజనివ్వకండి, డాక్టరుకు చూపించండి.

మీరేమోళ్ళని అడిగిన ఆ సిస్టర్, ఆ క్షణం వాడి మెడ మీద చెయ్యేసి ఉంటే మాకు అన్ని రాత్రుల ఏడుపు తప్పేది.

జై భీమ్.