చెరువు పాట, బడి మాట

గుడివాడ నుంచి భీమవరం వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే మండవల్లి, కైకలూరు ప్రాంతమంతా కంటికి ఆనేవి చేపల చెరువులే. 2022 ఏప్రిల్‌లో మండవల్లి మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది గాని, చెరువు గట్ల మీద కాపలాదారుల గుడిసెలు మాత్రం మారలేదు. ఆ గుడిసెల్లోని పిల్లల గురించే ఈ నాలుగు మాటలు.

"పల్లెటూళ్ళలో బడి ఎవరికీ పట్టదండీ" అన్న మాట చదువుకున్నవారి నోట తరచు వింటూ ఉంటాను. నాకు ఆ మాటతో పేచీ ఉంది. ఊరుమ్మడి చెరువుకు వేలంపాట పెట్టడం, వచ్చిన సొమ్ముతో గుడో రోడ్డో బాగుచేసుకోవడం, కట్టుబాటు తప్పినవాడికి తప్పు వేయడం కొల్లేటి ఊళ్ళకు కొత్త కాదు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఊళ్ళకు ఊళ్ళే కదులుతాయి. కలిసి పనిచేయడం వీళ్ళకు ఒకరు నేర్పాలా? బడి ఆ ఉమ్మడి లెక్కలో చేరలేదు, అంతే.

చట్టాలకు కొదవ లేదు. 1998లో మన రాష్ట్రం సామాజిక భాగస్వామ్య చట్టం చేసి విద్యాకమిటీలు తెచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది స్త్రీలు కావాలి, బలహీనవర్గాల తల్లిదండ్రులకు తగు నిష్పత్తిలో చోటుండాలి. 2019లో మొదలైన నాడు-నేడు పనులు కూడా తల్లిదండ్రుల కమిటీల ద్వారానే నడిచాయి. గోడలకు రంగులు వచ్చాయి, కుళాయిలు వచ్చాయి. కాదనను.

అయితే సమావేశం మాత్రం పొద్దున్న పదింటికి! ఆ వేళ తండ్రి పడవ మీద తిరుగుతూ గెడలకు మేత సంచులు కడుతుంటాడు. తల్లి కూలికి పోయి ఉంటుంది. తీర్మానాల పుస్తకమే సంతకం కోసం వీధులు తిరుగుతుంది.

మా బంధువుల ఊళ్ళో (పేరెందుకు లెండి) ఒక ఉపాధ్యాయుడు ఈ సమావేశాన్ని సాయంత్రం రామాలయం అరుగు మీదికి మార్చారు. జనం వచ్చారు. పెద్దలు ముందు, ఆడవాళ్ళు వెనక... ఆ వరుస మాత్రం మారలేదు. ప్రహరీ గోడ గురించి చర్చ జోరుగా సాగింది. అప్పుడు వెనకనుంచి ఒక తల్లి లేచి, "గోడ సరే మేష్టారూ, గట్టు మీద పిల్లలు వానొస్తే ఆ బురదలో బడికెట్టా వస్తారు? ఆటో పెడితే వస్తారుగా. చెరువు పాటలో వాటా తీసి కిరాయి కట్టండి" అంది. ఆమె పిల్లలు ఊళ్ళోనే ఉంటారు, ఆ ఆటో వాళ్ళకు అక్కరలేదు.

"వాళ్ళు మన ఊరోళ్ళు కాదు కదమ్మా! కాపలాకొచ్చినోళ్ళు, ఏడాదికి ఎక్కడుంటారో!" అన్నారు ఒక పెద్దాయన. దురుసుగా కాదు, లెక్క చెప్పినట్టే అన్నారు.

నాకు ఆ మాట దగ్గరే ఆగిపోవాలనిపించింది. ఊరు బడిని పట్టించుకోవాలని మనం అంటున్నప్పుడు ఆ ఊళ్ళో ఎవరెవరు ఉన్నారు? గట్టు మీది కుటుంబం పెంచే చేపలు ఊరివి, కాసే కాపలా ఊరిది, పిల్లలు మాత్రం పరాయివాళ్ళా? చట్టానికి ఈ చిక్కు లేదు. బడిలో పేరున్న పిల్ల తల్లి ఎవరైనా కమిటీకి నిలబడవచ్చు. చిక్కంతా కట్టుబాటుతోనే. అది ఎంత గట్టిదో అంత ఇరుకు.

"హాజరు పట్టీలో ఉన్నవాళ్ళంతా మా ఊరివాళ్ళేనండీ" అన్నారు మేష్టారు నెమ్మదిగా. కాస్త నవ్వులు, కాస్త సణుగుడు.

ఆటోకు వాటా సంగతి ఆ రాత్రి తేలలేదు. పాట నాటికి చూద్దామన్నారు. కమిటీలో ఖాళీగా ఉన్న ఒక చోటికి గట్టు మీది తల్లి పేరు మాత్రం రాసుకున్నారు. ఆమె ఆ సమావేశానికి రాలేదు. మర్నాడు మేష్టారు సైకిలు మీద వెళ్ళి చెబితే, ముందుగా అడిగిన ప్రశ్న ఒక్కటేనట: "సమావేశం ఎన్నింటికండీ?"