ఎర్రకారానికి తోడు నన్నారి సోడా

కర్నూలులో పొద్దుటి టిఫినంటే ఉగ్గాని, బజ్జీనే. నానబెట్టి పిండిన బొరుగులను పసుపు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి పైన పుట్నాలపప్పు పొడి చల్లుతారు. నంజుకోవడానికి మిరపకాయ బజ్జీ. కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో అది తిని, మండుతున్న నాలుకతో నన్నారి బండి దగ్గరికి నడిచాను.

"సోడా పొయ్యాల్నా నా, నీళ్లా?" అన్నాడు బండి కుర్రాడు.

సోడానే పొయ్యమన్నాను. గాజు గ్లాసులో ముదురు గోధుమరంగు నన్నారి వేర్ల పాకం, దాని మీద నిమ్మచెక్క రసం, నానిన సబ్జా గింజలు, ఐసుముక్క. గోలీని నొక్కగానే కీసుమని గ్యాసు వదిలింది. సోడా పడీ పడగానే నురగ అంచు దాకా లేచింది. "పొంగు తగ్గకముందే తాగు నా" అని గ్లాసు చేతిలో పెట్టాడు. తాగాను. ముందు నిమ్మ పులుపు, వెంటనే బుడగల చురుకు, మింగాక గొంతులో వేరు వాసన. మిరప మంట నీళ్లలో కరిగేది కాదు. ఉత్త నీళ్లు ఎన్ని తాగినా పోదు. పాకంలోని తీపే దాన్ని అణిచింది.

గోలీసోడా సీసాకు 1872లో పేటెంటు తీసుకున్నది హిరమ్ కాడ్ అనే ఇంగ్లిషువాడు. అంతకుముందే, 1783లో, జెనీవాలో సోడానీళ్ల వ్యాపారం మొదలుపెట్టిన జేకబ్ ష్వెప్ జర్మనీలో పుట్టినవాడు. ఆ జర్మనీలోనే 1826లో ఎస్లింగెన్‌లో కెస్లర్ కంపెనీ పొంగే తెల్ల వైను మొదలుపెట్టింది. దాన్ని జెక్ట్ అంటారు. అందులో బుడగలు గ్యాసు ఎక్కించినవి కావు, మూసిన సీసాలోనో ట్యాంకులోనో వైను రెండోసారి పులిసినప్పుడు పుట్టినవి. రీస్లింగ్ ద్రాక్షతో చేసిన జెక్ట్‌కు పులుపెక్కువ. అందుకే నూనెలో వేయించిన చేపకు, ఉప్పటి తిండికి అది బాగా కుదురుతుంది. కారం వంటలకైతే కాస్త తీపి ఉన్న రకం కావాలి. మన బండి మీది గ్లాసులో సారా లేదు గానీ, తిండి పక్కన అది చేసే పని మాత్రం అదే.

అక్కడి నుంచి కడపకు బయల్దేరాను. నంద్యాల దాటాక ఎడమ పక్కన నల్లమల కనిపిస్తూనే ఉంది. నన్నారికి వాడే వేర్లు ఈ కొండల నుంచి, అటు పాలకొండలు, శేషాచలం నుంచి వస్తాయి. సన్నగా ఉండేవి సుగంధిపాల వేర్లు. లావుగా, దుంపల్లా ఉండేవి మారేడు కొమ్ములు; ఆ తీగ దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా లేదు. రెండింటి వాసనకూ మూలం ఒకటే పదార్థం, వెనీలా వాసనకు దగ్గరి బంధువు. వేరు తవ్వితే తీగ బతకడం కష్టం. ఏళ్ల తరబడి తవ్వి తవ్వి మారేడు కొమ్ములు అడవిలో అరుదైపోయాయి. మరోపక్క రంగు, ఎసెన్సు కలిపిన సీసాలు నన్నారి పేరుతోనే అమ్ముడవుతున్నాయి. నిజం వేరు పాకానికి చివర్లో లేశమంత వగరు తగులుతుంది, ఎసెన్సుకు తీపి తప్ప ఏమీ ఉండదు. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. మా సీమకు ద్రాక్షతోటల పేరుతో వచ్చే గొప్ప ఏదీ లేదు, ఈ వేరు ఉంది. దీన్ని పొలం గట్ల మీద పెంచుకోవాలి.

కడప చేరేసరికి పొద్దు వాలింది. ఎర్రకారం దోసె చెప్పాను. పెనం మీదే ఎండుమిర్చి, వెల్లుల్లి ముద్ద పూసి, పప్పుల పొడి చల్లి, నెయ్యి వదిలాడు. అంచులు కరకరలాడుతున్నాయి, నడిమధ్య కారం నెయ్యిలో తేలుతోంది. దీనికి పొద్దున తాగిన నన్నారి పాళ్లు పనికిరావు. నెయ్యి నాలుకకు పట్టేస్తుంది కాబట్టి పాకం సగానికి తగ్గించి, నిమ్మకాయ మొత్తం పిండించుకోవాలి. సోడా మాత్రం అప్పుడే కొట్టింది కావాలి.