మూత్రం రంగు చూసుకుంటున్నరా అన్నా?

చాలా రోజులకు రాస్తున్న. ఇది కొంచెం పెద్ద పోస్టు. డ్యూటీల చదవకండ్రి, రాత్రి రూంకు వచ్చి తిన్నంక నిమ్మళంగ చదువుండ్రి. కొంచెం సిగ్గుపడే ముచ్చట కూడ ఉన్నది. అయినా రాస్తున్న.

నేను దోహాల స్టీల్ ఫిక్సర్‌ని. మాది జగిత్యాల దిక్కు. వచ్చి ఆరేండ్లు అయితున్నది. పోయిన జులైల ఒక రాత్రి డ్యూటీ దిగి వచ్చినంక రెండు పిక్కలు పట్టేసినయి. కాళ్లు ఒత్తుకుంట గంటసేపు మంచం మీదనే కూసున్న. బాత్రూంకు పోతే మూత్రం చాయ్ డికాషన్ లెక్క వచ్చింది. వేడి చేసిందనుకున్న. మన దగ్గర అన్నిటికీ అదే మాట కద. పొద్దున నాలుగింటికి మళ్ల బస్సు ఎక్కిన. తొమ్మిది గంటలకు సైట్‌ల వాంతి అయింది, కండ్లు తిరిగినయి. సేఫ్టీ ఆయన చూసి, నీడల పండుకోబెట్టి, బండి పిలిపించి దవాఖానకు పంపిండు.

రక్తం తీసి చూస్తే క్రియాటినైన్ 1.9. మొగోళ్లకు సుమారు 0.7 నుంచి 1.3 లోపల ఉండాలె అని డాక్టర్ హిందీల చెప్పిండు. కిడ్నీలు రక్తాన్ని సరిగ్గ వడబోయకపోతే ఈ అంకె పెరుగుతదట. సెలైన్ ఎక్కించుకుంట నన్ను మూడే మూడు ప్రశ్నలు అడిగిండు.

ఒకటి, పనిల నీళ్లు ఎంత తాగుతవు? నిజం చెప్పిన. నీళ్లకు కరువు లేదు సార్, కంపెనీ చల్లటి నీళ్లే ఇస్తది. కాని మేము 14వ అంతస్తుల పని చేస్తం, టాయిలెట్ కింద ఉన్నది. హాయిస్ట్ కోసం నిలబడి, దిగి, మళ్ల ఎక్కెవరకు అరగంట. ఫోర్‌మన్ వాచీ చూస్తడు. "పానీ పీనే ఆయా హై క్యా?" అంటడు. అందుకని దిగే పని లేకుండ తక్కువ తాగుడు అలవాటు చేసుకున్న. ఐదింటి నుంచి పదింటి దాక ఒక్క చిన్న సీసా.

రెండు, ఇంకేం తాగుతవు? పది గంటలకు బస్సు దిగంగనే బకాలాల కూల్‌డ్రింక్. మళ్ల సాయంత్రం డ్యూటీకి పోయేటప్పుడు ఎనర్జీ డ్రింక్ డబ్బా. అది తాగితేనే చెయ్యి లేస్తదని నమ్మకం.

మూడు, గోలీలు ఏమన్న? నడుము నొప్పికి డైక్లోఫెనాక్. లీవుకు ఊరికి పోయినప్పుడల్లా మెడికల్ షాపుల డబ్బా కొని సామాన్ల పెట్టుకుంటున్న. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రెండేండ్ల సంది.

డాక్టర్ పెన్ను కింద పెట్టిండు. ఎండల ఈ మూడూ ఒక్క మనిషిల కలిస్తే కిడ్నీ ఏం చేస్తది భాయ్ అన్నడు.

నాకు సరిగ్గ అర్థం కాలే. మా అన్న కొడుకు బీ ఫార్మసీ చదువుతున్నడు. రిపోర్టులన్నీ వానికి వాట్సాప్‌ల పెట్టిన. వాడు రోజూ రాత్రి ఫోన్‌ల చెప్పుకుంట వచ్చిండు, నేను ఇంకా ఇంకా అడుగుకుంట పోయిన. నాకు తెలిసింది మీకు నా మాటల్ల చెప్తున్న.

ఎండల పని చేస్తే ఒళ్లు చల్లబడాలె కాబట్టి రక్తం ఎక్కువ చర్మం దిక్కు పోతది. చెమట పోయి నీరు తగ్గుతది. రెండిటితోని కిడ్నీకి అందే రక్తం తగ్గుతది. పట్టేసిన కండరాలు కొంత చిట్లితే ఆ చెత్త కూడ కిడ్నీనే మోయాలె. ఒక్కొక్క కిడ్నీల సుమారు 10 లక్షల సన్నటి జల్లెడలు ఉంటయట. దెబ్బ తగిలితే వాటి గొట్టాల లోపలి పొర మళ్ల మొలుస్తది, దేవుడు ఆ ఏర్పాటు పెట్టిండు. కాని నిన్నటి దెబ్బ మానకముందే ఇయ్యాల దెబ్బ, రేపు దెబ్బ అయితే అక్కడ మచ్చ కడ్తది. మచ్చ కట్టిన జల్లెడ పోయినట్టే, దాని జాగల కొత్తది పుట్టదు. సగం పోయేదాక కూడ మనిషికి ఏం తెల్వది. తింటడు, పండుకుంటడు, పనికి పోతడు.

కూల్‌డ్రింక్ సంగతి. అమెరికాల బఫెలో యూనివర్సిటీ వాళ్లు 2019ల ఒక పరీక్ష బయటపెట్టిండ్రు. 12 మంది ఆరోగ్యంగ ఉన్నవాళ్లను 35 డిగ్రీల వేడి గదిల నాలుగు గంటలు కష్టం చేయించిండ్రు. ట్రెడ్‌మిల్ మీద నడుచుడు, బరువులు లేపుడు, సుత్తె కొట్టుడు. గంటకోసారి పావుగంట ఆపి, ఒకసారి పరీక్షల కూల్‌డ్రింక్, ఇంకోసారి పరీక్షల నీళ్లు ఇచ్చిండ్రు. మనుషులు వాళ్లే, పని అదే. కూల్‌డ్రింక్ తాగిన రోజు వాళ్ల రక్తంల కిడ్నీకి దెబ్బ తగిలిన గుర్తులు ఎక్కువ కనిపించినయి. ఆ ఒక్కరోజు దెబ్బ తర్వాత సర్దుకున్నది. మనం ఎన్ని వేసవులు తాగినమో లెక్క పెట్టుకోండ్రి.

గోలీ సంగతి. నీరు తగ్గినప్పుడు కిడ్నీ తన రక్తనాళాన్ని తానే తెరుచుకొని కొంచెం రక్తం తెచ్చుకుంటది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి గోలీలు ఆ తలుపు మూసేస్తయి. ఇంట్ల పండుకున్నోడు రెండు రోజులు వేసుకుంటే ఒక తీరు, ఎండల చెమటలు కక్కేటోడు రోజూ వేసుకుంటే ఇంకో తీరు. మా చిన్నప్పుడు ఊరవతల పశువు చస్తే రాబందులు దిగేవి. ఇప్పుడు పిల్లలకు చూపిద్దామన్నా లేవు. అవి ఎందుకు పోయినయో 2004ల తేలింది. పశువులకు ఇచ్చిన ఇదే డైక్లోఫెనాక్, ఆ మాంసం తిన్న రాబందుల కిడ్నీలు ఖరాబు చేసింది. 2006ల మన ప్రభుత్వం పశువులకు దాన్ని బంద్ పెట్టింది. మనిషి రాబందు కాదు, ఒక గోలీకి చావడు. కాని నా సామాన్ల ఉన్న డబ్బా అదే మందు అని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలే.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తున్న. మా రూంల శ్రీకాకుళం జిల్లా కంచిలి దిక్కు అన్న ఒకాయన ఉన్నడు. షట్టరింగ్ కార్పెంటర్. అందరం కంచిలి అన్న అనే పిలుస్తం. వాళ్లది ఉద్దానం. కొబ్బరి చెట్లు, జీడి తోటలు, పక్కనే సముద్రం. ఫోన్‌ల ఫొటోలు చూస్తే మాకు కుళ్లు పుడ్తది, అంత పచ్చగ ఉంటది. ఆ పచ్చటి ఊర్లల్లనే ఇన్నేండ్ల సంది మనుషులు కిడ్నీ జబ్బుతోని పోతున్నరు. షుగర్ లేకున్నా, బీపీ లేకున్నా వస్తున్నది. నీళ్లల్ల సిలికా అన్నరు, లోహాలు అన్నరు, పురుగుల మందులు అన్నరు, ఎండ అన్నరు. ఎందరో శాస్త్రవేత్తలు పోయి చూసిండ్రు, ఇదొక్కటే కారణం అని తేలలే. 2023 డిసెంబర్‌ల పలాసల కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల దవాఖాన మొదలైనయి.

కంచిలి అన్న వాళ్ల నాయిన ఆ జబ్బుతోనే పోయిండు. పెద్దన్నను డయాలసిస్‌కు విశాఖపట్నం తిప్పి తిప్పి అప్పులపాలై ఆయన్ను కూడ పోగొట్టుకున్నరు. ఆ అప్పు తీర్చనీకే ఈయన ఇక్కడికి వచ్చిండు. ఇంకో కారణం కూడ ఉన్నదని ఒకసారి చెప్పిండు. "ఆ నీళ్లకి దూరంగా వచ్చీసినాను తమ్ముడూ, నాకింక రాదులే" అన్నడు.

నా రిపోర్టు చూసినంక నేను ఆయన్ను అడిగిన, అన్నా నువ్వు కూడ ఒకసారి చూపించుకో అని. ఉలుకు లేదు పలుకు లేదు. రెండోసారి అడిగితే కోపానికి వచ్చిండు. "చూపించుకుంటే ఏటవుద్ది? ఉందని తెలిస్తే పంపించీస్తారు. లేదని తెలిస్తే ఇప్పుడున్నట్టే ఉంటాను. మరెందుకు?" అన్నడు. దానికి నా దగ్గర జవాబు లేకుండె. నేను కూడ అదే భయంతోని మూడు రోజులు నా రిపోర్టు దాచిపెట్టినోన్నే. ఇల్లు కట్టిన అప్పు ఇంకా సగం ఉన్నది.

మనం వచ్చేటప్పుడు మెడికల్‌ల క్రియాటినైన్ చూసే పంపిస్తరు. కిడ్నీ ఖరాబు అయితే అన్‌ఫిట్. అంటే మంచి కిడ్నీలతోనే విమానం ఎక్కినం. ఆ తర్వాత ఆరేండ్లల్ల నా కిడ్నీ ఎట్లున్నదని ఎవ్వరూ చూడలే. నేనూ చూసుకోలే.

కంచిలి అన్నకు చెప్పనీకే నేను ఇంకొంత చదివిన. మధ్య అమెరికాల ఎల్ సాల్వడార్ అని చిన్న దేశం. అక్కడి డాక్టర్లు 2002ల ఒక సంగతి రాసిండ్రు. పెద్ద దవాఖానకు కిడ్నీలు పూర్తిగ పోయి వచ్చేటోళ్లల్ల మూడింట రెండొంతుల మందికి షుగర్, బీపీ లాంటి తెలిసిన కారణం ఏదీ లేదు. ఎక్కువ మంది సముద్రం దిక్కు పొలాల్ల పనిచేసే మొగోళ్లు. పక్క దేశం నికరాగువాల చెరుకు కొట్టేటోళ్లకూ అదే. అక్కడ కూడ ఎండ ఒక్కటే కారణం అని ముగింపు రాయలే. కాని ఒక చెరుకు మిల్లుల పని తీరు మార్చి చూసిండ్రు. నీడకు గుడారాలు, గంట గంటకు విశ్రాంతి, నీళ్లు, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు. రెండో కోతల కాలంల చెరుకు కొట్టేటోళ్లకు కిడ్నీ దెబ్బలు బాగ తగ్గినయి. మందు కనిపెట్టలే, మిషిని కొనలే. నీడ, నీళ్లు, విశ్రాంతి, అంతే.

మనదాంట్ల కూడ పరిశోధన పనికొచ్చింది. ఖతర్‌ల 2009 నుంచి 2017 దాక గుండె జబ్బుతోని పోయిండ్రని రాసిన నేపాల్ తమ్ముళ్లు 571 మంది. ఎండ నుంచి కాపాడితే అందుల 200 మంది దాక బతికేటోళ్లని 2019ల ఒక అధ్యయనం లెక్క కట్టింది. 2021ల ఇక్కడ కొత్త రూల్ వచ్చింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాక పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండల పని బంద్. అది కాక, ఉక్కపోత, ఎండ, గాలి అన్నీ కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ అనే లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ టైంల అయినా పని ఆపాలె. ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష కూడ ఆ రూల్‌ల ఉన్నది. మనల చాలా మందికి పది గంటల సంగతే తెలుసు, మిగతావి తెల్వయి. ఆగస్టు ఆఖరుల, సెప్టెంబర్‌ల ఉక్కపోతకు అంగీ పిండితే నీళ్లు కారేది ఈ టైం బయటనే కద.

నా సంగతి చెప్తే, గోలీలు బంద్ పెట్టిన. కూల్‌డ్రింక్ బంద్. పది రోజులకు 1.4, మూడు నెలలకు 1.1 వచ్చింది. నడుము నొప్పి ఉన్నది, డాక్టర్ చెప్పిన వేరే గోలీ ఎప్పుడన్న వేసుకుంటున్న. ఫోర్‌మన్‌ను నేను ఒక్కన్నే అడుగలే, మా గ్యాంగ్ 11 మందిమి కలిసి సేఫ్టీ ఆయన దగ్గరికి పోయి టాయిలెట్ సంగతి చెప్పినం. నెల రోజులకు ఏడో అంతస్తుల ఒకటి పెట్టించిండ్రు. ఇంకా ఏడు అంతస్తులు దిగాలె, కాని హాయిస్ట్ కోసం చూసే పని లేదు.

నా అంకె కిందికి దిగుడు చూసి కంచిలి అన్న ఒక శుక్రవారం తానే "రా పోదాం" అన్నడు. వచ్చింది 1.7. మూడు నెలలకు మళ్ల చూస్తే 1.7 అట్లనే ఉన్నది. మూడు నెలలు దాటి అట్లనే ఉంటే అది పాత జబ్బు కింద లెక్క. వాళ్ల ఊరి నుంచి తెచ్చుకున్నడా, ఇక్కడ వచ్చిందా, ఎవరూ చెప్పలేరు. డాక్టర్ ఒక్కటే అన్నడు. ఉన్నది కాపాడుకుంటే చాలా ఏండ్లు నడుస్తది, ఎండల పని మాత్రం వద్దు.

కంపెనీల అడిగితే పంపించలే. స్టోర్‌ల పని ఇచ్చిండ్రు. ఓవర్‌టైం లేదు, నెలకు 400 రియాళ్లు తక్కువ. ఆ రాత్రి మంచం మీద కూసొని కాగితం మీద లెక్క రాసుకున్నడు. అప్పు తీరనీకె ఇంకా రెండేండ్లు ఎక్కువ పడ్తది. తర్వాత ఇంటికి ఫోన్ చేసి వదినతోని చెప్పిండు. ఆమె ఏడుస్తదనుకున్నం. ఏడువలే. "తెలిసింది గదా, మీ అన్నకి తెలిసేసరికి ఏటీ మిగల్లేదు" అన్నదట. ఫోన్ పెట్టినంక చెప్పిండు మాకు.

పంపిచ్చేస్తరేమో అన్న భయం ఉత్త భయం అని నేను చెప్ప. వేరే కంపెనీల పంపియ్యొచ్చు కూడ. కాని 1.7ల తెలిస్తే స్టోర్ పనికి పోవచ్చు, ఊర్ల చిన్న పనన్న చేసుకోవచ్చు. పూర్తిగ పోయినంక తెలిస్తే వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషిని పక్కన. అప్పుడు ఏ కంపెనీ ఉంచుకుంటది?

అందుకని అడుగుతున్న, ఈ పని చేయండ్రి. ఏడాదికోసారి రక్తంల క్రియాటినైన్, మూత్రంల ప్రొటీన్ చూపించుకోండ్రి. లీవుకు పోయినప్పుడన్న చేయించుకొని ఫోన్‌ల ఫొటో తీసి పెట్టుకోండ్రి, వచ్చే ఏడాది అంకె పక్కన పెట్టి చూసుకోవచ్చు. పనిల ప్రతి పావుగంటకు, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగండ్రి. గంటకు లీటరున్నరకు మించి ఒక్కసారే పోసుకోవద్దు, అది కూడ ప్రమాదమే. మధ్యల ఉప్పేసిన మజ్జిగ గాని లబన్ గాని తాగండ్రి. బీపీ ఉన్నోళ్లు, కిడ్నీ తేడా ఉన్నోళ్లు ఎంత నీరు, ఎంత ఉప్పు అని డాక్టర్‌నే అడగండ్రి. నొప్పి గోలీ డాక్టర్‌ను అడగకుండ రోజూ వేసుకోవద్దు. మూత్రం డికాషన్ రంగుల వస్తే ఆ రోజు బస్సు ఎక్కకండ్రి, దవాఖానకు పోండ్రి.

మీ రూంల కూడ కంచిలి అన్న లాంటి మనిషి ఒకాయన ఉంటడు. చెప్తే వినడు. నువ్వు చూపించుకో అనకండ్రి, నేను పోతున్న, తోడు రా అనండ్రి. మాకు ఆ మాటనే పనిచేసింది.

సౌదీ, కువైట్, దుబాయ్‌ల ఉన్న అన్నలు మీ దగ్గర మధ్యాహ్నం ఏ టైంల పని ఆపుతున్నరో, పరీక్ష ఎక్కడ చేస్తున్నరో కింద రాయండ్రి. వేరేటోళ్లకు పనికొస్తది. రేపు డ్యూటీ ఉన్నది, పండుకుంట.