ఎల్స్ ఖాళీగా వదలకండి



మా ఊరి పిల్లల కోసం గోండి అక్షరాలు టైప్ చేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాస్తున్నా. మన గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. కానీ బజారులో దొరికే కీబోర్డుల మీద ఆ అక్షరాలు ఉండవు. ఏ కీ నొక్కితే ఏ అక్షరం రావాలో మనమే ఇఫ్ కండిషన్లలో చెప్పాలి. కోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తుందని మూడు సంగతులు రాస్తున్నా.

మొదటిది: జావాస్క్రిప్ట్‌లో ‘కీ’ వేరు, ‘కోడ్’ వేరు. ‘కీ’ అంటే నొక్కినప్పుడు వచ్చిన అక్షరం. ‘కోడ్’ అంటే ఆ బటన్ ఉన్న చోటు. క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉంటే చిన్న కె బదులు పెద్ద కె వస్తది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో ఉంటే అదే బటన్‌కి ‘క’ వస్తది. చిన్న కె కోసం రాసిన కండిషన్ ఈ రెండుసార్లూ పనిచేయదు. అందుకే నేను ‘కోడ్’ చూస్తున్నా. ఫోన్‌లో మాత్రం దీన్ని నమ్ముకోలేం, తెర మీదే బటన్లు పెట్టాలి.

రెండోది: వరుస. కె నొక్కితే ‘క’, షిఫ్ట్‌తో నొక్కితే ‘ఖ’ రావాలనుకోండి. ముందు కె ఒక్కటే అడిగి, షిఫ్ట్ సంగతి ఎల్స్ ఇఫ్‌లో పెడితే ‘ఖ’ ఎప్పటికీ రాదు. మొదటి కండిషన్ నిజం కాగానే మిగతావి చూడదు కదా. షిఫ్ట్ ఉన్నదాన్నే ముందు అడగాలి.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం: ఎల్స్. మనం అనుకోని కీ నొక్కితే ఏం జరగాలి? చాలామంది ఏమీ రాయరు. ప్రోగ్రామ్ మౌనంగా ఉంటుంది. పెద్దోళ్లయితే ఇంకో కీ నొక్కి చూస్తారు. చిన్న పిల్ల అయితే చెయ్యి వెనక్కి తీసుకుంటది, ‘నాకు రాదు’ అనుకుంటది. ఇంట్లో గోండి మాట్లాడి బడికి పోయిన మనకు ఆ మౌనం తెలియంది కాదు. మన భాషలో జవాబు చెప్తే సారు ఏమీ అనకుండా పక్క పిల్లాణ్ణి అడిగేవారు. తప్పని కూడా అనేవారు కాదు.

అందుకే ఎల్స్‌లో నేను ఓ మాట పెట్టిన: ‘ఈ కీకి ఇంకా అక్షరం పెట్టలేదు, పక్కది నొక్కి చూడు’. గోండిలోనే. పిల్లలు భయపడకుండా కావాలనే తప్పు కీలు నొక్కి నవ్వుకుంటున్నారు.

కోయ, కొలామి, సవర మాట్లాడే మిత్రులారా, మీ పిల్లలకు ఏ అక్షరం ఏ కీ మీద ఉంటే సులువో చెప్పండి. కలిసి రాద్దాం.