మిగిలిన చూపు

పెద్దవాళ్ళ చూపు మందగించిందంటే మన ఇళ్ళల్లో అందరికీ తోచే మాట ఒక్కటే: శుక్లం. "ఆపరేషన్ చేయిస్తే సరి, నాలుగు రోజుల్లో పేపరు చదువుకుంటారు" అని వీధిలో ప్రతివారూ ధైర్యం చెబుతారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కాని కంటి జబ్బులన్నీ శుక్లాలు కావుగదా!

మా నాన్నగారికి 78 ఏళ్ళు. కృష్ణ ఒడ్డున లంక గ్రామంలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. అక్షరం బాగానే చదివేవారు గాని, నడుస్తూంటే పక్కనున్న స్తంభానికో, గడపకో తగులుకునేవారు. గుంటూరు తీసుకువెళ్ళాను. డాక్టరమ్మ పరీక్షించి, "నీటికాసులు" అంది. గ్లాకోమా అంటారే, అదే. కంట్లో ఊరే నీరు సరిగా బయటికి పోక ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని నెమ్మదిగా తినేస్తుందట. చాలామందికి నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు. చూపు అంచులనుంచి తరుగుతూ వస్తుంది. మామూలుగా 10 నుంచి 21 దాకా ఉండే ఒత్తిడి నాన్నగారికి 32 ఉంది.

చూపు విస్తీర్ణం కొలవడానికి ఒక గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగుచుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. "ఈ వయస్సులో నాచేత మిణుగురులు లెక్కపెట్టిస్తున్నార్రా!" అని ఆయన నవ్వారు. కాగితం మీద అంచులన్నీ నల్లగా వచ్చాయి.

"పోయిన చూపు ఆపరేషన్‌తో వస్తుందా తల్లీ?" అని అడిగారు.

"రాదు తాతగారూ. ఉన్నది పోకుండా చూసుకోవాలి" అందా అమ్మాయి మెల్లిగా.

బస్సులో ఆయన పలకలేదు. ఇంటికి వచ్చాక చుక్కల మందు పక్కకు నెట్టేసి, "రానిదానికోసం రోజూ ఈ శిక్ష దేనికిరా అబ్బాయీ?" అన్నారు. నేను విడమరచి చెప్పాను. బతిమాలాను. తెలుగులో ఎమ్మే చదివి, క్లాసులో గంటలకొద్దీ మాట్లాడే నా వాగ్ధాటి ఆయన ముందు ఎందుకూ పనికిరాలేదు.

వంటింట్లోంచి మా అమ్మ వచ్చింది. "ఎనిమిదెకరాల్లో ఆరెకరాలు ఏరు కోసుకుపోయినప్పుడు, మిగిలిన రెండూ కూడా పొమ్మన్నారా? కట్ట పోయించి కాపాడారు. ఆ రెండెకరాల మీదే కదూ పిల్లల్ని చదివించారు?" అంది.

నాన్నగారు కాసేపు ఊరుకుని, ముఖం పైకెత్తారు. నేను చుక్క వేశాను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆయనే గుర్తుచేస్తారు. ఒక మందుకూ మరో మందుకూ మధ్య 5 నిమిషాలు. చుక్క పడ్డాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న కొనను 2 నిమిషాలు అదిమిపెట్టుకోవాలి. లేకపోతే మందు గొంతులోకి జారుతుంది. గడియారం మా అమ్మ చేతిలో ఉంటుంది. మొన్న చూపిస్తే ఒత్తిడి 16 ఉంది.

ఈ జబ్బు తల్లిదండ్రులకుంటే బిడ్డలకు వచ్చే అవకాశం ఎక్కువట. డాక్టరమ్మ మాటమీద, నలభై దాటిన మేం ముగ్గురమూ చూపించుకున్నాం. నాకూ, చెల్లాయికీ ఏమీ లేదు, ఏటేటా చూపించుకోమన్నారు. తమ్ముడికి మాత్రం ఒత్తిడి 28 ఉంది. చూపులో ఇంకా ఏ లోటూ లేదు. వాడూ చుక్కలు మొదలుపెట్టాడు.

ఈ కబురు నాన్నగారికి చెబుదామా, మానదామా అని రెండు రోజులు తటపటాయించి, చివరికి చెప్పాను. చాలాసేపు మౌనంగా ఉన్నారు.

"అయితే వాడి ఎనిమిదెకరాలూ ఉన్నాయన్నమాట" అన్నారు.