పిత్రార్జితము

పిత్రార్జితమనగా మన వ్యవహారమున పొలము, ఇల్లు, పెట్టెలోని నగలు. తండ్రి ప్రసిద్ధుడైన నటుడైనచో కుమారునకు సంక్రమించునది యేమి? రూపము కొంత, కంఠము కొంత సంక్రమింపవచ్చును. ప్రజల ఆదరము మాత్రము పంపకమునకు వచ్చు సొత్తు కాదు.

నందమూరి తారకరామారావుగారి విషయమే చూతము. 1957 లో 'మాయాబజారు' వెలువడిన పిమ్మట ఎన్నియో తెలుగు లోగిళ్ళలో కృష్ణుడనగా ఆయన రూపమే కన్నులకు గట్టెను. కుమారుడు బాలకృష్ణగారు 1974 లో తండ్రి దర్శకత్వముననే 'తాతమ్మకల'లో తొలిసారి నటించిరి. 1977 నాటి 'దానవీరశూరకర్ణ'లో అభిమన్యుడైరి. 1996 లో 'శ్రీకృష్ణార్జున విజయము'న కృష్ణార్జునులిరువురును తామే యైరి. 2019 లో తండ్రి జీవితమును చిత్రముగా నిర్మించి, ఆ పాత్రను తామే ధరించిరి. అది ఆశించిన ఆదరమును పొందలేదు. ఇందు వింత లేదు. తండ్రి కిరీటము కుమారుని తలకు సరిపోవచ్చును. చూచువారి మనస్సులోని పూర్వస్మృతితో ఎవరు పోటీపడగలరు?

అయినను ఆ యింట మరియొక వారసత్వము గలదు. రామారావుగారి ధర్మపత్ని బసవతారకముగారు 1985 లో కేన్సరు వ్యాధిచే గతించిరి. అప్పుడు భర్త రాష్ట్రమునకు ముఖ్యమంత్రి. అట్టి యింటనే ఆ వ్యాధి లొంగకపోయినచో, కూలివాని యింట నేమి గతి? ఆ దుఃఖమునుండియే ఆసుపత్రి సంకల్పము పుట్టినది. రామారావుగారు 1996 జనవరిలో మరణించిరి. హైదరాబాదు బంజారాహిల్సులో ఆమె పేరిటి ఆసుపత్రి 2000 జూన్ 22న ప్రారంభమైనది. ప్రవాసులైన తెలుగు వైద్యులు తోడ్పడిరి. తండ్రి తలుపులు తెరచుట చూడలేకపోయిన ఆ సంస్థకు పిమ్మట బాలకృష్ణగారు అధ్యక్షులైరి.

నటుల దానములు కీర్తికొరకని పరిహసించు మిత్రులు మాకు గలరు. రోగికి మంచము దొరకినప్పుడు దాత మనస్సును తూచ నక్కరలేదని మా సమాధానము. మాకు ముఖ్యముగా తోచినది వేరు. వెండితెరపై ఎన్నడును కనబడని యొక గృహిణి పేరు ఆ ద్వారముపై నున్నది. ఆమె యే వ్యాధితో మరణించెనో లోకమునకు చాటుచున్నది.

ఈ చాటుటయొక్క విలువ మేము ఆలస్యముగా నెరిగితిమి. మా మేనత్త రొమ్ములోని గడ్డను ఏడాదిపాటు పైటచాటున దాచినది. అప్పటికి ఆ ఆసుపత్రి యున్నది. అచ్చటికి పోవు బస్సులును ఉన్నవి. లేనిది నోరు విప్పు ధైర్యమొక్కటే. "ఆడదాని రోగము నలుగురిలో చెప్పుకొందురా నాయనా?" అన్నది. చదువుకొన్నవారమై యుండియు, ఆమె చిక్కిపోవుచుండగా ఏమని అడుగుటకు మేమును సిగ్గుపడితిమి. ఆమె దక్కలేదు.

మా తండ్రిగారు ప్రసిద్ధులు కారు. ఊరిలో సంస్కృతము చెప్పిరి. వారములు చేసుకొను బీదపిల్లలకు మా యింట పెట్టిరి. వారి పుస్తకములకు మేము అట్టలు వేయించి బీరువాలో భద్రపరచితిమి, పాఠమును చెప్పుచున్నాము. వారి వంటయింటి వారసత్వమును మాత్రము విడిచితిమి. ఈ వ్యాసము వ్రాయుచుండగా మా గృహిణి, "మీ తరగతిలో మధ్యాహ్నము డబ్బా తెచ్చుకొనని పిల్లలెందరు?" అని యడిగినది. మేము చెప్పలేకపోతిమి. రేపు లెక్కించి రావలెను.